చిన్న గిన్నెలో ముసలి కణాలు

ల్యాబ్‌లో పెద్దక్క కణాలకు మేతగా పోసే గులాబి రంగు ద్రవాన్ని పిపెట్‌తో పీల్చి, వంచిన సీసా గోడ వెంట మెల్లగా జార్చింది. అడుగున అంటుకుని ఉన్నవి ఒక ముసలి కమ్మరి మూలుగలోని కణాలు, ఎముక కట్టేవి. తుంటి ఆపరేషన్‌లో తీశారు. పక్క సీసాలోవి ఓ కుర్రాడివి, సందు లేకుండా అల్లుకుపోయాయి. కమ్మరివి ఇక్కడో గుంపు, అక్కడో గుంపు, మధ్యలో కొవ్వు బొట్లు. వయసు మళ్లిన మూలుగలో ఎముక కట్టేవి తగ్గి, కొవ్వుగా మారేవి పెరుగుతాయి. ఎంత తేడానో చూడటానికే ఈ పెంపకం. ఈ సీసా పోతే మళ్లీ ఇవ్వడానికి కమ్మరి బతికి లేడు.

"ఇంకా వాటికి సేవలేనా, పారబొయ్యి," అన్నాడు పక్క బల్ల దగ్గర పనిచేసే ఉపన్యాసం. ల్యాబ్‌లో అందరూ పెట్టిన పేరది. "నీ ఈడువని జాలా?"

"నీ ఈడువి ఏం ఉద్ధరించాయిలే. నోరొక్కటే పెరిగింది."

నిన్న ఆమె సెలవులో ఉండగా అతను కమ్మరి కణాల్లో సగాన్ని పెద్ద గిన్నెలోకి మార్చాడు. చోటుంటే హాయిగా పెరుగుతాయట. కుర్రాడి కణాలు ఎక్కడ చల్లినా పెరుగుతాయి. ముసలివాటికి పక్కన తోడుండాలి. దూరదూరంగా పడ్డవి పడ్డట్టే పోయాయి. టీ చల్లారేదాకా కణాల గురించి మాట్లాడతాడు, మైక్రోస్కోప్‌లో కన్నుపెట్టి చూసే ఓపిక మాత్రం లేదు. సీసాలు కడగడానికి చేరి, పక్కవాళ్ల చేతులు చూస్తూ పని నేర్చుకున్న పెద్దక్కకు అలాంటి మనిషి సరిగా కడగని సీసాతో సమానం.

కమ్మరి సీసాలో మిగిలిన కణాల్ని అడుగు నుంచి ఊడదీసి, ఉన్న గిన్నెల్లోకెల్లా చిన్నదాంట్లో ఒకదానికొకటి తగిలేలా పోసింది. పోల్చి చూడటానికి కుర్రాడివీ అలాంటి గిన్నెలోనే పోసింది. కొన్ని వారాలు ఆ గిన్నెల్ని ఇంకొకరిని ముట్టనివ్వలేదు. తర్వాత రెండింటికీ రంగు వేసింది. కణాలు ఎముక కట్టి కాల్షియం పేరుకున్న చోటే ఎర్రబడుతుంది. కుర్రాడి గిన్నె మొత్తం ఎర్రనైంది. కమ్మరిదాంట్లో చెదురుమదురు చుక్కలు.

"వెలవెలబోతోంది. కుర్రాడివి కాసిని కలిపేద్దాం, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఉపన్యాసం గొంతు తగ్గించి.

"నీకు తెలియదు. అది మాత్రం నిజం."

అతను ఇంకేదో మొదలుపెట్టాడు. ఆమె ట్రే ఎత్తుకుని వినకుండానే నడిచింది.

ఈ పరీక్ష చేయిస్తున్న డాక్టరమ్మ గిన్నెల్ని వెలుతురుకు పెట్టి చూసింది. "కమ్మరిది బాగా తక్కువే."

"తక్కువేనమ్మా. సగం పెద్ద గిన్నెలో చచ్చాయి, అదీ రాసుకోండి. ఇందులో ఉన్నవి మాత్రం ఆయనవే."

డాక్టరమ్మ తలూపి ట్రే అందుకుంది. పెద్దక్క చేతి తొడుగులు విప్పేసింది.