పెళ్ళికి ముందు కృష్ణ దాటి పరదేశం చూసొచ్చాను

గురజాలలో పుట్టి పెరిగిన నాకు పరదేశమంటే ఓడెక్కి వెళ్ళేదన్న ఊహే ఉండేది. కృష్ణ అవతల నైజాం రాజ్యమని, అక్కడ నాణెం వేరు, సుంకం వేరు, కచేరీ భాష వేరని విన్నాను కానీ, అది నాకు పట్టే సంగతి అనుకోలేదు. జర్మనీతో యుద్ధం నడుస్తుండగా అక్కణ్ణుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు దేవదానం. మిర్యాలగూడెంలో కాంపౌండరు. తల్లీకొడుకులు వచ్చి నన్ను చూసి, నచ్చానన్నారు. అప్పటికి నేను మా ఊరి ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతున్నాను. "ఆ ఊరు చూశాకే నా మాట చెబుతాను" అన్నాను. నాన్న మండిపడ్డాడు. "ఆడపిల్ల మగపెళ్ళోళ్ళింటికి పోయి చూసి రావడం ఏంది?" అన్నాడు. మా మేనత్త సలోమమ్మ ఊరుకోలేదు. "గొడ్డును కొనాలన్నా దొడ్డి చూసొస్తావు గదా అన్నయ్యా! పిల్ల తను బతకబోయే చోటు చూస్తానంటే తప్పేంది? నేను తోడు పోతాలే" అంది. అలా మా ప్రయాణం ఖాయమైంది.

ఫిబ్రవరి నెలలో ఒక శనివారం ఉదయం మాచర్ల నుంచి వచ్చే రైలెక్కాం. నడికుడి దాకా దగ్గరే, టిక్కెట్టు అణాల్లోనే అయిపోతుంది. అక్కడ దిగి పొందుగుల రేవుకు బస్సు ఎక్కాలి. పెట్రోలు కరువు కాబట్టి ఆ బస్సు బొగ్గుతో నడిచేది. వెనక ఇనప పీపాలో బొగ్గు రాజేసి, చేత్తో చక్రం తిప్పుతూ గాలి కొడుతున్నాడు డ్రైవరు. "ఎంతసేపయ్యా?" అని అత్త అడిగితే, "పొయ్యి అంటుకోకుండా అన్నం ఉడుకుద్దా పెద్దమ్మా? కూసో" అన్నాడు. ఆ తరువాత ఎత్తు వచ్చినచోటల్లా మగవాళ్ళందరినీ దింపి తోయించాడు. రైలుకు బస్సు కలుస్తుందని నమ్మి గడియారం చూసుకుంటూ కూర్చోకండి. వేయించిన వేరుశనగలు వెంట తెచ్చుకోండి. తెల్లచీర మాత్రం కట్టుకోకండి. బస్సు దిగేసరికి అత్త తెల్లచీర బొగ్గు బస్తాలా తయారైంది.

రేవులో ఏరు సన్నబడి పచ్చగా ఉంది. దాటడానికి పుట్టి ఉంటుంది. వెదురుతో అల్లి, పైన తోలు తొడిగిన గుండ్రని పెద్ద బుట్ట అది. తెడ్డు వేసేకొద్దీ తిరుగుతూ పోతుంది. అత్త కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నాకేమో ఒకసారి పల్నాడు, ఒకసారి నైజాం కళ్ళముందుకు వస్తుంటే వింతగా ఉంది. రెండు ఒడ్లూ ఒకేలా ఉన్నాయి. అవే నల్లరాళ్ళు, అవే తుమ్మచెట్లు. "పరదేశం ఎక్కడ మొదలవుద్దయ్యా?" అని పుట్టివాణ్ణి అడిగాను. "నాకు తెలవదమ్మా, చేపలను అడగాలె" అన్నాడు.

పరదేశం వాడపల్లి ఒడ్డున సుంకం నాకా దగ్గర మొదలైంది. జవాను మూట విప్పించి ఉర్దూలో ఏదో అడిగాడు. పక్కనున్న గుమాస్తా, "కొత్త చీర ఎవలిది? సుంకం కట్టాలె" అన్నాడు. అది పెళ్ళికొడుకు తల్లికని అత్త తెచ్చిన నేత చీర, మడత కూడా విప్పలేదు. "కట్టుకునే చీరకు సుంకం ఏందయ్యా?" అంది అత్త. "కట్టుకుంటె లేదు, మూటల ఉంటె ఉన్నది" అన్నాడతను. అత్త చీర తీసుకుని నాకా గుడిసె వెనక్కి వెళ్ళి, బొగ్గు పట్టిన చీర మూటలో కట్టి, కొత్తది కట్టుకుని వచ్చింది. గుమాస్తా నవ్వి పొమ్మన్నాడు. మన రూపాయి అక్కడ చెల్లుతుంది కానీ, మిగతా చిల్లర నైజాం హాలీ నాణేల్లో ఇస్తారు. వాటి విలువ మనదానికంటే తక్కువ, కాబట్టి లెక్క ముందే అడిగి తెలుసుకోవాలి.

మరో బొగ్గుబస్సెక్కి మధ్యాహ్నానికి మిర్యాలగూడెం చేరాం. దేవదానం తల్లి శాంతమ్మ జొన్నరొట్టె, చింతపండు పులుసు పెట్టింది. పులుసు చల్లగా ఉంటే, కాచడం మరిచిపోయిందేమోనని మొహమాటంగా చూశాను. "పచ్చిపులుసు బిడ్డా, కాగబెట్టరు. ఉల్లిగడ్డ నంజుకొని తాగు" అంది. రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను. ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది, మనుషులు మంచివాళ్ళు. నేను చూడాల్సింది ఇంకొకటి ఉంది. "ఆడపిల్లల బడి చూపిస్తారా?" అని అడిగాను. దేవదానం ముఖంలో వెలుగు తగ్గింది.

అక్కడ వారం సెలవు శుక్రవారం, కాబట్టి శనివారం బడి తెరిచే ఉంది. పెద్ద పంతులమ్మ ఆదరంగా కూర్చోబెట్టింది. నా సర్టిఫికెట్ చూసి తిరిగిచ్చేస్తూ, "ఇది ఇక్కడ నడవదమ్మా. పై తరగతులన్నీ ఉర్దూలనే. ఉర్దూ పరీక్ష పాసు గాకుంటె మీకు ఏ తరగతి ఇయ్యాలె?" అంది. పక్క గదిలో పిల్లలు తెలుగులో పోట్లాడుకుని, ఉర్దూలో పద్యం అప్పజెబుతున్నారు. నల్లబల్ల మీద ఒక్క అక్షరం కూడా నాకు తెలియలేదు. రోజూ నలభై మందికి చదువు చెప్పే నేను అక్కడ చదువురాని దాన్ని.

బయటికి వచ్చాక, "ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?" అని దేవదానాన్ని అడిగాను. అతను తల దించుకున్నాడు. "చెప్తె మీరు రారనుకున్న. మిమ్ముల మీ బడిల చూసిన. ఆ పని ఇడిచి రమ్మనడానికి నాకు నోరు రాలే." అప్పుడు కూడా అబద్ధం చెప్పి ఉంటే ఆ సాయంత్రమే తిరిగి వచ్చేదాన్ని. కాసేపు నడిచాక అన్నాను: "ఒక ఏడాది ఆగుతారా? మా ఊళ్ళోనే ఉండి ఉర్దూ నేర్చుకుంటాను. పరీక్ష పాసయ్యాకే పెళ్ళి."

"తప్పితె?"

"తప్పితే మీరే అటు రండి. మా తాలూకాలోనూ జ్వరాలు చానా ఉన్నాయి."

అతను నిలబడిపోయాడు. ఆ తరువాత గట్టిగా నవ్వి, "సరే, అట్లనే" అన్నాడు. ఇంటికెళ్ళి ఈ మాట చెబితే శాంతమ్మ, "వీడు పోతె నన్ను గూడ తీస్కపోవాలె, ఒక్కదాన్ని ఉండ" అంది. "రా వదినా, మా ఇంట్లో చోటుంది" అంది మా అత్త. ఆ రాత్రి ఆ ఊరి పాస్టరుగారి ఇంట్లో పడుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక తిరుగు ప్రయాణమయ్యాం. అంతా విన్నాక నాన్న, "పెళ్ళిచూపులకు పోయి బళ్ళో చేరొచ్చిందా?" అన్నాడు. అయినా మర్నాడు నన్ను దర్జీ సాయిబుగారింటికి తీసుకెళ్ళింది ఆయనే. సాయిబుగారి భార్య నాకు ఉర్దూ మొదటి అక్షరం అలీఫ్ దిద్దించింది. కుడి నుంచి ఎడమకు రాయడం చేతికి అలవాటు కావడానికి వానాకాలమంతా పట్టింది. మొదటిసారి పరీక్ష తప్పాను. ఏడాది నిండగానే దేవదానం తల్లిని వెంటబెట్టుకుని పెట్టెతో గురజాల వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. "మాట ఇచ్చిన గద" అన్నాడు. పెళ్ళి మా ఊళ్ళోనే జరిగింది. రెండోసారి పరీక్ష పాసయ్యాకే ముగ్గురం నది దాటాం. ఇప్పుడు ఆ బడిలోనే మూడో తరగతి చెబుతున్నాను.

కొత్త దేశం వెళ్ళేవాళ్ళు అక్కడ ఏం దొరుకుతుంది, ఏం తినాలి, ఎక్కడ పడుకోవాలి అని అడుగుతారు. అవన్నీ రెండు రోజుల్లో తెలిసిపోతాయి. అక్కడికి వెళ్ళాక మనం ఎవరమవుతాం అన్నది మాత్రం వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. ఇంట్లో పెద్దదానిలా మెలిగే నేను ఆ బడి గుమ్మంలో చిన్నపిల్లనయ్యాను. మొదట అవమానమనిపించింది. ఆ తరువాత, మళ్ళీ నేర్చుకునే వయసు దొరికినట్టనిపించింది. బయల్దేరేవారికి ఒక్క సలహా: అక్కడి భాషలో లెక్కలూ బేరాలూ తరువాత నేర్చుకోవచ్చు, ముందు "నాకు తెలియదు, నేర్పండి" అనడం నేర్చుకుని వెళ్ళండి. ఆ మాట అన్నచోటల్లా నాకు ఎవరో ఒకరు కాస్త జరిగి పీట వేశారు.