మల్లె మడిలో తెల్ల దారాలు

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరి సాముయేలుకు శుభ్రమంటే పిచ్చి. హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, మొయినాబాద్ రోడ్డు మీది ఒక సాఫ్ట్‌వేర్ సారు ఫామ్‌హౌస్‌లో తోటమాలిగా కుదిరాక ఆ పిచ్చి మరీ ముదిరింది. చెట్ల కింద ఒక్క ఎండుటాకు ఉండనిచ్చేవాడు కాదు. మట్టిలో తెల్ల బూజు కనబడితే చాలు, మందు కలిపి పోసేవాడు. సారు భేష్ అంటే ఆ రోజంతా మనవాడి కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఇంటి వెనక భార్య శాంతమ్మ పెంచే మల్లె మడి మాత్రం అతనికి కంట్లో నలుసు. మొదళ్ల చుట్టూ కుళ్లిన ఆకులు, వాన పడితే పుట్టగొడుగులు, వేలితో గీరితే మట్టినిండా తెల్లటి దారాలు.

"ఉండనియ్యయ్యా, దాన్తోని నీకేం పని?" అనేది శాంతమ్మ. ఆ మడి మీద ఎవర్నీ చెయ్యి వేయనిచ్చేది కాదు. చిన్నప్పుడే జ్వరంతో పోయిన కూతురు కృపాజ్యోతి సమాధికి అవే పూలు. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ సమాధుల దగ్గరికి పోయినప్పుడు, శాంతమ్మ ఆ మల్లెలే పరిచేది. కొన్న పూలు ఎప్పుడూ పెట్టలేదు.

ఒక వానాకాలం చివర ఆమె ఆపరేషన్‌కని దవాఖానలో చేరింది. తిరిగొచ్చేసరికి సంతోషపెట్టాలని సాముయేలు మడంతా తవ్వాడు. ఆకులన్నీ ఊడ్చి తగలబెట్టాడు. పుట్టగొడుగులు పీకి, సారు తోటలోంచి తెచ్చిన బూజు మందు మొదళ్లు తడిసేలా పోశాడు.

"ఎట్లున్నది?" అన్నాడు ఆమె ఇల్లు చేరగానే, గర్వంగా.

ఆమె గుప్పెడు మట్టి తీసి చూసి, అక్కడే వదిలి లోపలికి వెళ్లిపోయింది.

చలికాలానికి మట్టి పెళ్ల కట్టింది. పోసిన నీళ్లు పక్కలకు జారిపోయేవి. ఎండలు మొదలవగానే ఆకులు పండుబారాయి, మొగ్గన్నది పట్టలేదు. సాముయేలు చేవెళ్లకు పోయి, నర్సరీ నడిపే నాగేందర్‌ను బతిమాలి తీసుకొచ్చాడు.

"గా తెల్ల దారాలు రోగం కాదే అన్నా," అన్నాడు నాగేందర్, జరిగిందంతా విని. "వేర్లను పట్టుకొని ఉండే బూజు అది. వేరు అందుకోలేని నీళ్లు, బలం గదే గుంజుకొచ్చి ఇస్తది. ఆకుల్ని కుళ్లగొట్టి మట్టిని గుల్ల చేసే బూజు ఇంకోటి. నువ్వు రెండింటినీ చంపితివి. ఇగ తవ్వకు, మందు పొయ్యకు. ఆకులు కప్పి ఊకో."

మంచి చేయబోయి, బిడ్డకు పెట్టే పూలను తన చేతులతోనే పోగొట్టాడు. ఆ ఈస్టర్‌కు శాంతమ్మ ఉత్త చేతులతో వెళ్లి, సమాధి మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది సాముయేలుకు.

అప్పటినుంచి సారు తోటలో ఊడ్చిన ఆకులనే గోనెసంచిలో మోసుకొచ్చి మల్లె మొదళ్లలో పరిచేవాడు. మరుసటి వానలకు ఆ ఆకుల సందున ఒక పుట్టగొడుగు లేచింది. దాన్ని చూసి అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆ పై ఈస్టర్‌కు పూసినవి గుప్పెడు మల్లెలే. శాంతమ్మ సమాధి దాకా కొంగులో పెట్టుకొచ్చి, అక్కడ అతని చేతిలో పోసింది.

"ఈసారి నువ్వు పెట్టయ్యా."

సాముయేలు పిడికిలి బిగుసుకుపోయింది. నిరుడు పూలు లేకుండా ఉన్న ఆ రాయే కళ్లలో మెదులుతోంది. చివరికి శాంతమ్మే అతని వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది.