బావ వినని వాక్యం

మొన్న ఆదివారం చల్లపల్లిలో మా బావ జ్ఞాపకార్థ కూడికకి వెళ్లాను. పాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని, బావ తన తల్లి గురించి రాసిన వాక్యమంటూ ఒకటి చదివారు: అమ్మ వంటింట్లో పాడుతుంటే, దేవుడు పీట వాల్చుకుని కూర్చునేవాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, కారణం వేరు. ఆ వాక్యం నాది, అందులోని అమ్మ మా అమ్మ.

మేనత్త కొడుకైన ఈ బావా నేనూ డిగ్రీలు పుచ్చుకుని విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్లుగా చేరిన రోజుల్లో, మీలో నా వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒకరు రాతప్రతిని కామాలతో సహా పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి సరిచూసుకునేవారు. చదివేది నేను, వినేది బావ.

అమ్మ పోయి ఏడాదవుతుందనగా, జ్ఞాపకార్థ కూడిక కార్డు మీద వేయించడానికి వారం రోజులు కుస్తీ పట్టి ఆ ఒక్క వాక్యం రాసుకున్నాను. ఎవరిదో శుభలేఖ చదువుతూ మధ్యలో ఆగి, బావా ఇది కాస్త విను అని చదివి వినిపించాను. బావ పెళ్లికూతురి ఇంటిపేరులో తప్పు దిద్దుతున్నాడు.

“ఊఁ, ఊఁ. తర్వాత? ముహూర్తం చదువు” అన్నాడు తలెత్తకుండా.

బాగాలేదు కాబోలనుకుని కాగితం జేబులో పెట్టేసి, అమ్మ కార్డు మీద అందరూ వేయించే బైబిలు వచనమే వేయించాను.

నాలుగేళ్లకి మేనత్త పోయింది. బావ పంపిన కార్డు మీద నా వాక్యం ఉంది, కామా కూడా చెక్కుచెదరలేదు. వెళ్లి అడిగాను.

“స్నానం చేస్తుంటే తట్టిందిరా. అయినా నువ్వెప్పుడన్నా మీ అమ్మ గురించి ఒక్క ముక్క రాసిన మొహమేనా?” అన్నాడు.

నా కాగితం ఏనాడో చొక్కాతో పాటు ఉతుక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత మా మధ్య పలకరింపులకి లోటు రాలేదు, మాటలే లేవు.

తిరుగు బస్సులో, నాకు తోడొచ్చిన, కాలేజీలో సైకాలజీ చెప్పే మా అమ్మాయికి మొదటిసారి ఇదంతా చెప్పుకున్నాను. ధ్యాస పెట్టి విన్న మాటైతే ఎవరన్నారో కూడా గుర్తుంటుందట. ధ్యాస వేరేచోట ఉండగా చెవిన పడ్డది ఒక్కోసారి లోపలెక్కడో ఉండిపోయి, ఎన్నాళ్లకో సొంత మాటలా పైకొస్తుందట.

“మామయ్య అబద్ధమాడలేదేమో నాన్నా” అంది.

నన్ను ఓదార్చడానికే అంది పాపం. కాజేశాడన్న కోపానికి ఇన్నేళ్లుగా అలవాటు పడ్డాను, కాజేసినవాడైనా కనీసం విని ఉంటాడు కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మర్యాద కూడా దక్కలేదు.

ఈమధ్య ప్రెస్సుల్లో ఎవరి ప్రూఫులు వారే కంప్యూటరు ముందు కూర్చుని దిద్దుకుంటున్నారు. ఒకరు చదివితే ఒకరు వినే రోజులు పోయాయని మొన్నటిదాకా నేనూ అందరితోపాటు నిట్టూర్చేవాణ్ణి. ఆ రోజుల్లో నేను చదివానన్న మాట మాత్రం నిజం.