చేతులు అటు చేరాలి

నళిని పని మాట్లాడటం. మాట్లాడేది చేతులతో.

వినపడనివాళ్ళు దవాఖానకి వెళ్తే డాక్టరు చెప్పే మాటల్ని ఆమె సైగల్లోకి మారుస్తుంది. వాళ్ళ సైగల్ని తిరిగి తెలుగులోకి తెస్తుంది. ఆ దవాఖాన ఎక్కడో ఉంటుంది. ఆమె మాత్రం నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులో, తమ ఇంటి రెండో అంతస్తు వెనకగదిలో, తెల్లగోడ ముందు కూర్చుంటుంది. మధ్యలో వీడియో కాల్. ఆ కాల్‌కి ఆధారం సిమ్ కార్డు వేసుకునే చిన్న మోడెమ్.

ఆ భాష ఆమె ఏ బడిలోనూ నేర్చుకోలేదు. అమ్మకీ నాన్నకీ వినపడదు. పాలు కావాలని కూడా మొదట చేత్తోనే అడిగింది. అమ్మ పోయింది. నాన్న విద్యాసాగర్ గౌలిగూడలో ఒక స్టీలు సామాన్ల కొట్టు ముందు కూర్చుని జీవితమంతా గిన్నెల మీద పేర్లు చెక్కాడు. పెళ్ళిళ్ళ కాలంలో ఎన్ని వందల పేర్లో. ఒక్క పేరూ ఆయన విన్నది కాదు.

ఆ ఇంట్లో కాలింగ్ బెల్ మోగదు, వెలుగుతుంది. ఎవరైనా మీట నొక్కితే ముందుగదిలో బల్బు ఆరి వెలుగుతూ ఉంటుంది. నాన్న లేచి వెళ్ళి తలుపు తీస్తాడు.

వేసవిలో మోడెమ్ కొన్నప్పుడు నళిని దాన్ని చేత పట్టుకుని ఇల్లంతా తిరిగింది. పాత ఇల్లు, గోడలు మూరెడు మందం. వెనకగదిలో సిగ్నల్ ఒక్క గీత వచ్చింది. వంటింట్లో అదీ లేదు. ముందుగది తలుపు పైన, వెంటిలేటర్ గూట్లో పెడితే గీతలన్నీ నిండాయి. అక్కడే ఉంచేసింది. దుమ్ము పడకుండా నాన్న గుడ్డ కప్పాడు. ఆపి మళ్ళీ వేయాలంటే కింద స్విచ్ ఉంది కాబట్టి, తర్వాత ఆమె పైకెక్కి చూసింది లేదు.

ఈ వానాకాలంలో నెట్ పాడైంది. ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోతుంది. మాట తెగితే మళ్ళీ అడగొచ్చు. చెయ్యి గాలిలో ఆగిపోతే అవతలి మనిషి ముందు సగం మాట వేలాడుతూ ఉంటుంది. అదే మొత్తం మాట అనుకునేవాళ్ళూ ఉంటారు.

నెట్ కంపెనీకి ఫోన్ చేసింది.

"మేడమ్, మీ ఏరియాలో సిగ్నల్ బాగున్నట్టు చూపిస్తోంది."

"ఎవరికి చూపిస్తోంది?"

"మాకు మేడమ్."

"నాకు చూపించట్లేదు."

"ఒకసారి ఆఫ్ చేసి, అర నిమిషం ఆగి ఆన్ చేయండి."

"పొద్దుట్నుంచి అదే చేస్తున్నాను."

"మళ్ళీ చేయండి మేడమ్, లైన్లో ఉంటాను."

చేసింది. ఆ కుర్రవాడు అడిగాడు, "సినిమా పెట్టి చూడండి మేడమ్, వస్తుందా?"

"నాకు సినిమా రావక్కర్లేదు బాబూ. నా చేతులు అటు చేరాలి."

"ఇంకేమైనా సహాయం చేయమంటారా మేడమ్?" అన్నాడు.

ఇప్పటిదాకా ఏం చేశావని అడగబోయి పెట్టేసింది.

ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లాన్ వేయించుకుంది. కింద ప్లగ్గు మార్చి చూసింది. ఫోన్లో ఉన్న నెట్‌తో ప్రయత్నించింది. అది కిటికీ దగ్గర తప్ప అందదు. ఫోన్ పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది. కిటికీకి ఆనిస్తే వెలుగు వెనకనుంచి పడి చేతులు నల్లటి కొమ్మల్లా కనబడతాయి.

అట్లాంటి రోజుల్లో భాగ్య కాల్ వచ్చింది.

భాగ్యది జగిత్యాల పక్కన ఊరు. ముప్పై ఏళ్ళు. బట్టలు కుడుతుంది. చిన్నప్పుడు వినపడని పిల్లల హాస్టల్లో ఉండి సైగలు నేర్చుకుంది. గర్భసంచిలో గడ్డ ఉందని అన్న సురేందర్ దవాఖానకి తీసుకొచ్చాడు. తిను, తాగు, పోదాం పద. అతని చేతులకు వచ్చిన మాటలు అంతే. డాక్టరమ్మ చెబుతోంది, నళిని చేతులు కదుపుతోంది. బొమ్మ ఆగిపోయింది. తిరిగి వచ్చేసరికి భాగ్య తల ఊపుతోంది.

ఆ ఊపడం నళినికి తెలుసు. అమ్మ అట్లాగే ఊపేది. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో, రేషన్ షాపులో, బడిలో టీచరు ముందు. అర్థం కాకపోతే ఊపేది. ఎదుటివాళ్ళ ముఖాల్లో విసుగు పోవాలని ఊపేది.

"ఒప్పుకున్నది గదా మేడం, తలకాయ ఊపింది," అన్నాడు సురేందర్.

"అది ఒప్పుకోవడం కాదు," అని నళిని అంటుండగానే కాల్ తెగింది. గర్భసంచి తీసేయడానికి రోజు పెట్టారు.

పని ఇచ్చే సంస్థ వాళ్ళ వెంటపడి, ఆపరేషన్‌కి ముందు ఇంకొక్క కాల్ ఇప్పించింది. ఆపరేషన్ రోజునే, పొద్దున పదకొండుకి.

ఇక మిగిలింది రేకు. సందుకి అవతల బబ్లూ సూట్‌కేసుల దుకాణం. వానలు మొదలైనప్పుడే దాని మీద రెండంతస్తుల ఎత్తు రేకు బోర్డు లేచింది, సరిగ్గా ఈ వెంటిలేటర్ ఎదురుగా. తప్పు దానిదేనని నళిని తేల్చుకుని వెళ్ళి నిలదీసింది.

"నళినక్కా, గీ రేకు నీ నెట్‌ను ఏం జేస్తది? టవర్ ఏమన్న నా దుకాణంల ఉన్నదా?"

"నువ్వు పెట్టినప్పట్నుంచే పోయింది."

"మా అత్త గూడ గప్పట్నుంచే నాతోని మాట్లాడ్తలేదు. గది గూడ రేకుతోనేనా?"

"బబ్లూ, ఒక మనిషి కడుపు కోస్తున్నారు. తీస్తావా, తీయవా?"

అతను నవ్వు ఆపాడు. "తీస్త అక్కా. ఫికర్ జెయ్యకు."

ఆ పొద్దున ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి రేకు దించారు. సందు అంతా అడ్డం పడింది. ఆటోలు హారన్లు కొట్టాయి. ఎవరో బబ్లూని తిట్టారు. అతను పైకి చేయి చూపించాడు. వాళ్ళు తలెత్తి నళినిని తిట్టారు.

ఆమె లోపలికి వెళ్ళి చూసింది. ఒక్క గీత. కాల్‌కి ఇంకా గంటలోపే ఉంది.

స్టూలు లాక్కుంది. మోడెమ్‌నే తీసి కిటికీ ఊచలకి కట్టేద్దామని ఎక్కింది. గుడ్డ తీసింది.

కింద మోడెమ్ లేదు. స్టీలు డబ్బా ఉంది.

కొలతకి చేసిన డబ్బా. అంచులు చేతికి గీసుకోకుండా మడిచి ఉన్నాయి. వైరు పోవడానికి సన్నని చీలిక, వేడి పోవడానికి వరసగా చిల్లులు. మూత మీద ఆ ఇంట్లో ప్రతి గిన్నె మీదా ఉన్నట్టే ఆమె పేరు, పక్కన చిన్న పువ్వు. ఎత్తి చూస్తే లోపల మోడెమ్ వెచ్చగా కూర్చుని ఉంది.

నాన్న మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ముఖంలో కొంచెం గర్వం.

ఆ ఇంట్లో కోపానికి చప్పుడు ఉండదు. చేతులు పెద్దవవుతాయి. నళిని స్టూలు మీదనుంచే, డబ్బా చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో అరిచింది.

"ఎందుకు చేశావు? ఎవరు చేయమన్నారు?"

"దీపం," అన్నాయి నాన్న చేతులు. "వానకి లోపలిగది కారుతోందని నా మంచం ఇక్కడికి మార్చావు. రాత్రంతా గుడ్డలోంచి మోడెమ్ దీపం ఆరి వెలుగుతుంది. ఎవరో పిలిచారని లేస్తాను. తలుపు తీస్తాను. ఎవరూ ఉండరు. పడుకుంటాను. మళ్ళీ పిలుస్తుంది."

"నాకు చెప్పొచ్చు కదా!"

"సాయంత్రానికి నీ చేతులు అలిసిపోయి ఉంటాయి."

"ఇనుములో పెడితే సిగ్నల్ రాదు నాన్నా. ఇనుము ఆపేస్తుంది."

"ఇనుము కాదు. మంచి స్టీలు."

ఆమె రెండు చేతులూ పైకి లేచాయి. ఏమీ అనకుండా కిందికి దిగాయి. ఈ ఇంట్లో ఎవరిని తిట్టాలో ఎప్పుడూ తేలదు. నుదుటి మీది స్టిక్కర్ బొట్టు పీకి మోడెమ్‌కున్న ఆ ఆరి వెలిగే దీపం మీద అతికించింది. మోడెమ్‌ని గూట్లో ఉత్తిగా పెట్టి దిగింది.

ఒక గీత. రెండు. కాసేపటికి అన్నీ.

కింద నుంచి కేక. "వచ్చిందా అక్కా?"

కిటికీలోంచి తొంగి చూసింది. "వచ్చింది. నీ రేకు మళ్ళీ పెట్టేసుకో."

"ఏంది?"

"దానిది కాదు తప్పు."

బబ్లూ తలమీద చేయి పెట్టుకుని నిచ్చెన మీది మనుషుల్ని చూశాడు. "గామెకు నెట్ వచ్చినందుకు సంతోషపడుర్రి ర," అన్నాడు వాళ్ళతో.

పదకొండు దాటాక కాల్ వచ్చింది. భాగ్య మంచం అంచున, దవాఖాన గౌనులో ఉంది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే ఆమె వేళ్ళకు సూది గుచ్చుకున్న మచ్చలు కూడా కనబడుతున్నాయి. ఫోన్ సురేందర్ చేతిలో ఉంది.

"జల్ది కానియ్యిర్రి మేడం. డాక్టరమ్మకు మస్తు పనున్నది."

"ఫోన్ కదలకుండా పట్టుకో. నీ పని అంతే," అంది నళిని.

డాక్టరమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నళిని తొందరపడలేదు. గడ్డ ఒక్కటే తీయొచ్చు. అది మళ్ళీ రావచ్చు, మళ్ళీ దవాఖానకి రావాల్సి ఉండొచ్చు. లేదా గర్భసంచే తీసేయొచ్చు. ఇక గడ్డ రాదు. పిల్లలు పుట్టరు.

భాగ్య చాలాసేపు కదల్లేదు. బొమ్మ ఆగిపోయిందేమోనని నళిని భయపడింది. వెనక ఫ్యాను తిరుగుతోంది.

అప్పుడు భాగ్య రెండు వేళ్ళు పైకెత్తింది. "రెండు దారులా?"

"రెండు."

"నాకు ఒకటే ఉందనుకున్నాను."

"గామె ఏమంటున్నది?" అన్నాడు సురేందర్.

"రెండున్నాయని ఆమెకి ఇప్పుడే తెలిసిందంటోంది."

అతను చెల్లెలి వైపు చూశాడు. "మల్ల మల్ల రావుడెందుకని నేనే..." అని ఆగిపోయాడు.

భాగ్య ఇక ఫోన్ వైపు చూడలేదు. డాక్టరమ్మ వైపు తిరిగి ఆ రెండు వేళ్ళూ ఆమె ముఖానికి ఎదురుగా పెట్టింది. ఒకటి మడిచింది. మిగిలిన వేలితో కడుపు మీద చిన్న గుండ్రం గీసి, దాన్ని మాత్రం తీసి బయట పారేసినట్టు చూపించింది. తర్వాత రెండు అరచేతులూ కడుపు మీద కప్పుకుంది.

నళిని దాన్ని మాటల్లోకి మార్చడానికి నోరు తెరిచింది. డాక్టరమ్మ తెలిసిందన్నట్టు చేయెత్తి ఆమెని ఆపి, నర్సుని పిలిచింది.