గంగరాజు గురువు పేజీ

అరసవల్లి గుడి వీధిలో, లాడ్జి మెట్ల కింద ఉన్న చిన్న గది ఝాన్సీది. ఒకప్పుడు అది జిరాక్సు కొట్టు. ఆ మెషీను ఇంకా ఉంది, గుడ్డ కప్పుకుని. గోడకు కొట్టిన చెక్క మీద పదకొండు ఫోన్లు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్క ఫోను వెనక తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద బాల్‌పెన్నుతో రాసిన పేర్లు.

ఆ పదకొండు ఫోన్లలో అరవై మూడు ఖాతాలు ఉన్నాయి. కోలాటం జట్లవి, చెక్కభజన జట్లవి, జముకుల కథ చెప్పేవాళ్ళవి, తప్పెటగుళ్ళ గురువులవి. ఊరి అమ్మతల్లి పండగకు ఆట కావాలంటే ఇప్పుడు జనం ఫోనులోనే వెతుకుతున్నారు. ఆడేవాళ్ళకు ఫోను పట్టుకునే తీరిక ఉండదు. వాళ్ళ తరఫున వీడియోలు పెట్టడం, అడిగినవాళ్ళకు జవాబివ్వడం ఝాన్సీ పని.

పెళ్ళికి ముందు ఆమె విశాఖపట్నంలో ఒక ఆఫీసులో హోటళ్ళ పేజీలు చూసేది. వారం పని సోమవారమే సర్ది పెట్టి, వేళలు కట్టి వదిలేస్తే అవే వెళ్తాయని అక్కడ నేర్చుకుంది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు ఉగాది నాడు ఒకే శుభాకాంక్ష అన్ని ఖాతాల్లోనూ ఒకే నిమిషంలో పెట్టింది. గంటలో తొమ్మిది ఖాతాలు మూతపడ్డాయి. మనిషి కాదు, యంత్రం పెడుతోందని కంపెనీకి అనుమానం. అప్పటినుంచి ఒక్కొక్క దానికి ఒక్కొక్క వేళ, ఒక్కొక్క మాట. అరవై మూడు మందిలా మాట్లాడడం అలవాటైంది.

ఆమె భర్త తిరుమలరావు ఆటో నడుపుతాడు. మధ్యాహ్నం గది గుమ్మంలో నిలబడి అంటాడు.

"ఊరందరికీ నిముషంలో జవాబిస్తావు. నాను అన్నానికెప్పుడొస్తావే అంటే మాత్రం పలకవు. నాకూ ఒక పేజీ తెరువు."

అరవై మూడింటిలో మొదటిది గంగరాజు గురువు పేజీ. పాతపట్నం దగ్గరి ఊరు ఆయనది. తప్పెటగుళ్ళ జట్టు కట్టి నలభై ఏళ్ళు. గుండెకు కట్టుకున్న రేకు తప్పెట రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో ఆయన గాల్లోకి లేస్తే పక్క ఊళ్ళనుంచి చూడడానికి వచ్చేవారు. ఝాన్సీ తండ్రి ఆ జట్టులో ఆయన పక్కన ఆడేవాడు. తండ్రి పోయినప్పుడు ఝాన్సీకి పన్నెండేళ్ళు. పదో రోజు గంగరాజు వచ్చి, తండ్రి తప్పెటను గోడనుంచి దించి, గుడ్డతో తుడిచి, మళ్ళీ అక్కడే తగిలించి వెళ్ళాడు.

పేజీ తెరిచిన రోజున ఝాన్సీ ఆయన్ని అడిగింది. "మావా, పండక్కి వస్తారా అని ఎవలైనా అడిగితే ఏటి సెప్పమంటావు?"

"తల్లి పేరు సెప్పి అడిగినాక రామని ఎలగంటాం? వస్తాం."

ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి, ఎవరు అడిగినా దానంతటదే వెళ్ళేలా పెట్టింది.

నిరుడు గంగరాజు ఆటలో కిందపడ్డాడు. మోకాలు మళ్ళీ సరికాలేదు. జట్టు చెదిరిపోయింది. కొందరు భోగాపురం విమానాశ్రయం పనుల్లో చేరారు, కొందరు చెన్నై వెళ్ళారు. ఝాన్సీ ఆ పేజీ తీసెయ్యలేదు. చెయ్యి రాలేదు. ప్రతి ఆదివారం ఒక పాత వీడియో వెళ్ళేలా కట్టి ఉంది, అది అలాగే వెళ్తూ ఉంది. జవాబు సంగతి ఆమె మరిచిపోయింది.

వేసవి మొదట్లో ఒక ఉదయం ఒక పెద్దమనిషి గదిలోకి వచ్చాడు. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు. భోగాపురం దిగువన సముద్రపు ఒడ్డు ఊరట. పేరు జగన్నాధం.

"గంగరాజు గురువుగారి ఆపీసు ఇదేనామ్మా?"

"ఆపీసు కాదు బాబూ. ఆయన పేజీ నానే సూస్తాను."

"మా పోలమ్మ పండగ ఇరవై రెండో తారీకు. రమ్మని అడిగేం, వస్తామన్నారు. తాంబూలం తెచ్చేను."

ఝాన్సీకి అర్థం కాలేదు. జగన్నాధం తన ఫోను తీసి చూపించాడు. వాళ్ళ ప్రశ్న ఉంది. కిందనే జవాబు ఉంది. తల్లి పేరు సెప్పి అడిగినాక రామని ఎలగంటాం, వస్తాం.

"అడిగిన నిముషానికే జవాబొచ్చింది. మావోళ్లు మురిసిపోయారు. పెద్దాయన ఫోను సేతిలో ఎట్టుకుని మన కోసమే కూకున్నాడేటి అనీసి."

"ఆయన ఇప్పుడు..." అంది ఝాన్సీ.

"మొన్న ఆదోరం సూసేం కదమ్మా ఎగరడం. ఈ వయసులో. మా నాన్న పిలిసినప్పుడూ ఇదే మాట అన్నాడట. గాలివానలో కూడా వచ్చేడట."

ఈ జట్లలో ఆట కుదిరిందనడానికి కాగితం ఉండదు. గురువు వస్తాననాలి, ఊరి పెద్ద తాంబూలం ఇవ్వాలి. ఆ తరవాత రాకపోతే అది చచ్చేదాకా చెప్పుకునే మాట అవుతుంది. నలభై ఏళ్ళలో గంగరాజు గురించి ఎవరూ ఆ మాట అనలేదు. ఇప్పుడు ఆయనకు తెలియకుండానే అనబోతున్నారు. అది పాత వీడియో బాబూ, అని చెప్పాలి. చెప్పకుండా బల్ల మీద చోటు చేసింది. జగన్నాధం పళ్ళెం ఆమె బల్ల మీద పెట్టి, దండం పెట్టి, బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు.

ఆమె ఆ జవాబు ఆపేసింది. తమలపాకులను తడిగుడ్డలో చుట్టింది. పదకొండు ఫోన్లూ ఆమెను చూస్తున్నట్టు అనిపించి కుర్చీ పక్కకు తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్న పాతపట్నం బస్సెక్కింది.

గంగరాజు అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. భార్య దేముడమ్మ పక్కన చేటలో పెసలు బాగు చేస్తోంది.

"ఏటే పాపా, సెప్పాపెట్టకుండా వచ్చేవు?"

"తప్పు సేసేను మావా."

అంతా చెప్పింది. వీడియో, జవాబు, పళ్ళెం, తను నోరు విప్పకపోవడం. దేముడమ్మ చేట ఆపింది.

"మెట్టు దిగడానికి నా బుజం గావాల ఈ మనిసికి. ఎగుర్తాడేటి? ఎల్లి సెప్పీసి రా, యంతరం పొరపాటని."

"అదే సెప్తానత్తా. ఈ రోజే ఎల్తాను. ఇంకో జట్టుని కుదురుస్తాను."

గంగరాజు అన్నాడు. "ఏటి రాసున్నాదో సదువు."

చదివింది.

"ఆ మాట ఎవలిది?"

"నీదే మావా. పేజీ తెరిసినప్పుడు అన్నావు."

"మరి యంతరం అబద్దమాడనేదు కదా."

"అది అప్పటి మాట."

"ఇప్పుడడిగినా అదే అందును." కాసేపు మోకాలి మీద చెయ్యి రాసుకున్నాడు. "అరవై మూడుమందికీ ఇలగే ఆళ్ల మాటే ఎట్టేవా?"

"నేదు మావా. మిగిలినోళ్లందరికీ, మీ సందేశం అందింది, ఫోన్ చేస్తాం, అంతే. నీకొక్కడికే అలగ."

"నాకెందుకే?"

ఆమె తడిగుడ్డ మూట విప్పి ఆయన ముందు పెట్టింది. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"తడిపి తెచ్చేవు" అన్నాడు.

రెండు చేతులతో తాంబూలం అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"తాంబూలాలు పుచ్చుకున్నాడు" అంది దేముడమ్మ చేట ఎత్తి చెరుగుతూ. "ఇంక పెళ్లికూతురే తక్కువ."

పాత జట్టులో దగ్గర్లో దొరికేవాళ్ళు ఇద్దరే. ఝాన్సీ చేతిలో మాత్రం తప్పెటగుళ్ళ జట్లు ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. గదికి తిరిగి వచ్చి అందరికీ కలిపి ఒక సందేశం రాసింది. జట్టుకొక మనిషిని పంపండి అని. ఒక్క నొక్కుతో పద్దెనిమిది చోట్లకు వెళ్తుంది. దాన్ని ఒకసారి చదివి చెరిపేసింది. ఒక్కొక్కరికే ఫోను చెయ్యడం మొదలుపెట్టింది. రెండు రోజులు పట్టింది.

విజయనగరం వైపు గురువు మురళీమోహన్ అంతా విని నవ్వాడు.

"ఒకపాలి పందెంలో మీ మావ మమ్మల్ని ఓడించి మా ఊళ్లోనే మీసం తిప్పేడు. ఆయనకి నా మనిసినిమ్మంటావా?"

"అవును బాబాయ్."



"మనిసినెందుకు? నానే వస్తాను."

ఇరవై రెండో తారీకు సాయంత్రం నాలుగింటికి సముద్రపు గాలి ఇసకను లేపుతోంది. తిరుమలరావు ఆటో పోలమ్మ గుడి ముందు ఆగింది. గంగరాజు దిగి, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ఝాన్సీ భుజం పట్టుకుని నడిచాడు, వెనక దేముడమ్మ. జనం చూస్తున్నారు. జగన్నాధం కూడా చూశాడు. ఇంట్లోకి వెళ్ళి కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి నడిమధ్యన వేశాడు.

పాత జట్టు ఇద్దరితో కలిపి, ఎనిమిది జట్లనుంచి వచ్చినవాళ్ళు మొత్తం పదకొండు మంది ఆయన చుట్టూ నిలబడ్డారు. తప్పెట మోగింది. మొదటి చుట్టులోనే ఆట విరిగిపోయింది. ఎవరి గురువు నేర్పిన అడుగు వాళ్ళు వేశారు. మురళీమోహన్ కుడికి తిరిగితే పక్కవాడు ఎడమకు తిరిగి అతని కాలు తొక్కాడు.

"సంతలో గేదెలు తప్పిపోయినట్టున్నాది" అంది ఎవరో ఒకామె. జనం నవ్వారు.

గంగరాజు అరచెయ్యి ఎత్తాడు. అందరూ ఆగారు. ఆయన ఒక్కడే వాయించాడు, మెల్లగా. ఏ జట్టులోనైనా పిల్లలకు మొదటి రోజున నేర్పే దెబ్బ అది. రెండు, ఒకటి. రెండు, ఒకటి. తరవాత పాట ఎత్తుకున్నాడు. గొంతు అలాగే ఉంది.

పదకొండు మందీ తలలు వంచుకుని మొదటి పాఠం అడుగు వేశారు. వలయం కదిలింది. ఎవరూ ఎగరలేదు. గంటన్నర సేపు ఎవరూ లేచి వెళ్ళలేదు.

ఆట అయ్యాక ఝాన్సీ జగన్నాధం దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఆ ఈడియో ఆరేళ్ల కిందటిది. జవాబిచ్చింది యంతరం. ఆ రోజే సెప్పాల్సింది."

"కర్ర సూడగానే తెలిసిందమ్మా" అన్నాడు. "అయినా వచ్చేడు కదా."

తిరుగు దారిలో గంగరాజు కళ్ళు మూసుకున్నాడు. దేముడమ్మ ఆయన మోకాలు ఒళ్ళో పెట్టుకుని రాస్తోంది. ఝాన్సీ ఆ రోజు తీసిన వీడియో, కుర్చీతో సహా, గురువు పేజీలో పెట్టింది. పాతవి ఆదివారం వెళ్ళకుండా తీసేసింది. అరసవల్లి చేరేలోపు ఫోను మోగింది.

"మావా, పాలకొండ కాడ ఊరట. వచ్చే నెల పండగట. ఏటి సెప్పమంటావు?"

"ఒల్లకోమను, రానేడని సెప్పు" అంది దేముడమ్మ.

"తల్లి పేరు సెప్పి అడిగేరా?" అన్నాడు గంగరాజు, కళ్ళు తెరవకుండానే.

"అడిగేరు."

"మరింకేటి?"

ఆటో ఒక వంతెన దాటింది. ఆయన నిద్రపోయాడేమో అనుకుంది.

"కుర్సీ ఒకటి ఎయ్యమను" అన్నాడు.

ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టు రాసింది. ఈసారి తన వేలితోనే పంపింది.