పది నలభై బండి

తొకుజి ముప్పై ఎనిమిదేళ్ళు కొసుగి స్టేషన్లో పనిచేశాడు. అన్నేళ్ళలో ఆయన చూసీ చూడనట్టు వదిలేసిన తప్పు ఒక్కటీ లేదని ఊళ్ళో చెప్పుకుంటారు. కొందరు మెచ్చుకుంటూ చెబుతారు, ఎక్కువమంది పళ్ళు కొరుకుతూ చెబుతారు. ముఖ్యంగా సైకిలు మీద దేశం చూడబోయే వాళ్ళు. రైల్లో సైకిలు ఎక్కించాలంటే చక్రాలు ఊడదీసి, మొత్తం సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఏ భాగమూ బయటికి కనబడకూడదు. పక్క స్టేషన్లలో బెత్తెడు హ్యాండిలు బయటికొచ్చినా పోనిస్తారు. కొసుగిలో ఆ పప్పులు ఉడకవు.

ఒక వసంతంలో ఒక కాలేజీ విద్యార్థి, సంచి చాలక, హ్యాండిలుకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని వచ్చాడు. తొకుజి ఎక్కనివ్వలేదు. ఆ పిల్లాడు మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాడు. భోజనం తెచ్చిన తొకుజి భార్య కినుయో ఎక్కడికి బాబూ అని అడిగితే, తానిగావా ఏటిగట్టున చెర్రీపూలు చూడ్డానికి అన్నాడు. ఆమె తెచ్చిన అన్నం ముద్దలన్నీ ఆ పిల్లాడికే పెట్టేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు తొకుజి పస్తున్నాడు. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

తానిగావా కినుయో పుట్టిల్లు. కొసుగి నుంచి కనుమ దాటి గంటన్నర ప్రయాణం. ఏటిగట్టు పొడుగునా చెర్రీచెట్లు, వాటి కిందనుంచే ఆమె సైకిలు మీద బడికి వెళ్ళేది. పెళ్ళైన కొత్తలో, పూలప్పుడు మనిద్దరం ఒకసారి ఆ గట్టు మీద తొక్కుదామండీ అంది. కానీ పూలు పూసే ఏప్రిల్ అంటే అక్కడ కొత్త బడులు, కొత్త ఉద్యోగాలు, కొత్త రైలు పాసులు. ఏప్రిల్లో రైల్వేవాడు సెలవడగడం పెళ్ళివారింట్లో వంటవాడు సెలవడిగినట్టే. "వచ్చే ఏడాది" అన్నాడు. ఆ మరుసటేడూ అదే మాట. పన్నెండేళ్ళు అడిగి ఆమె మానేసింది. మానేసింది కదా, మరిచిపోయిందనుకున్నాడు మహానుభావుడు.

పదవీ విరమణ చేసిన మరుసటి వసంతంలో ఆ మాట ఆయనే ఎత్తాడు. ఐదు రోజుల సైకిలు యాత్ర. తానిగావాలో మొదలుపెట్టి ఏటి వెంబడే సముద్రం దాకా. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో కాగితం మీద గీతలు కొట్టి రాశాడు. కినుయో కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"పూలు చూడ్డానికి ఎంతసేపిచ్చారు?"

"నలభై నిమిషాలు."

"దయగల మారాజులు" అంది. కానీ ఆ రాత్రే తన చిన్నప్పటి బడి ఫోటో ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.

ఆ ఏడు పూలు ముందే విచ్చాయి. బయల్దేరే రోజు పొద్దున రేడియోలో, మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కనుమ అవతల గాలివాన అన్నారు. విరగబూసిన చెర్రీకి ఒక్క గాలివాన చాలు, కొమ్మమీద ఏమీ మిగలదు. పది నలభై బండి పట్టుకుంటే పన్నెండుంబావుకి గట్టు మీద ఉండొచ్చు. అది తప్పితే ఒంటిగంట యాభైకి గానీ ఇంకో బండి లేదు.

కినుయో కొత్త సైకిలు కొనుక్కుంది. దాన్ని విప్పి సంచిలో పెట్టడం ఇంట్లో చాపలమీద పదిహేనుసార్లు సాధన చేసింది. తొకుజిది ముప్పై ఏళ్ళు డ్యూటీకి తొక్కిన పాత సైకిలు.

"మీరూ ఒకసారి కట్టి చూడండి."

"నేను చూసిన సంచులెన్ని! నాకు నేర్పుతావా?"

నిజమే, వేల సంచులు చూశాడు. ఒక్కటీ కట్టలేదు.

పదింబావుకి ప్లాట్‌ఫాం మీద కినుయో సంచి బూరెలా నున్నగా తయారైంది. తొకుజి చక్రాలు విప్పాడు, హ్యాండిలు తిప్పాడు, సంచి పైకి లాగాడు. సీటు బయటే ఉండిపోయింది. దాన్ని కిందికి దించబోతే ముప్పై ఏళ్ళ తుప్పు, కడ్డీ కదల్లేదు. తిప్పాడు, తన్నాడు, చొక్కా తడిసిపోయింది. దూరంగా బండి కూత వినిపించింది.

తొకుజి చేతికింద పని నేర్చుకుని ఇప్పుడు స్టేషన్ చూసుకుంటున్న మురాయి, యాభై ఏళ్ళావిడ, దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, బండిలో పట్టుమని పదిమంది లేరు. నేనటు తిరిగి నిలబడతాను. ఎక్కించెయ్యండి."

"నీకు నేను నేర్పింది ఇదేనా?"

"పోనీ సైకిలు నా గదిలో పెడతాను. మీరు ఎక్కండి. అక్కడ నడుద్దురుగాని."

"స్టేషను సామాన్ల కొట్టు కాదు."

కినుయో ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఏమండీ, ఈ ఒక్కసారికి. నా కోసం."

తొకుజి ఆమె మొహం చూడలేదు, సీటునే చూశాడు. "ఎంతమందిని దింపేశాను కినుయో. ఇప్పుడు నేనెలా ఎక్కను? తర్వాతి బండికి వెళదాం."

బండి వచ్చి ఆగింది. ఒక్క నిమిషం ఆగుతుందది. కినుయో చెయ్యి వదిలేసింది. తన సంచి భుజానికి తగిలించుకుని ఎక్కింది.

"ఏయ్, ఎక్కడికి?"

"మా ఊరికి" అంది గుమ్మంలోంచి. "మీకు రూలు ఉంది. నాకు పూలున్నాయి, ఒంటిగంట దాకా."

తలుపులు మూసుకున్నాయి. జీవితంలో ఎన్ని వేల బండ్లు సాగనంపాడో ఆయనకే లెక్క లేదు. చివరి పెట్టె దాటగానే, అంతా సవ్యమేనని బండి వైపు వేలెత్తి చూపించడం రైల్వేవాడి అలవాటు. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. తనవాళ్ళున్న బండిని ఆయనెప్పుడూ సాగనంపలేదు. విప్పిన చక్రాల మధ్య చతికిలబడ్డాడు, ఏడుపొచ్చింది. మురాయి చూడనట్టే లోపలికెళ్ళి నూనెడబ్బా తెచ్చి పక్కన పెట్టింది. గంట నానితే కడ్డీ కదిలింది.

ఒంటిగంట యాభై బండి కనుమ దాటేసరికి అద్దాల మీద వాన కొడుతోంది. తానిగావా స్టేషన్ చూరు కింద బల్లమీద కినుయో కూర్చుని ఉంది. జుట్టుకీ భుజాలకీ తెల్లటి రేకులు అంటుకుని ఉన్నాయి. కోపంగా ఉంటుందనుకున్నాడు, లేదు. అది చూసి ఇంకా భయమేసింది.

"చూశావా?"

"చూశాను. గట్టు ఈ కొస నుంచి ఆ కొసకి తొక్కాను. మళ్ళీ తొక్కాను. బడి గంట ఉన్న చోటు అలాగే ఉంది. గాలి లేచాక ముందు దారే కనబళ్ళేదు, అన్ని రేకులు."

"ఒక్కదానివే."

"ఒక్కదాన్నే. చాలా బాగుంది." కినుయో రైలు పట్టాల వైపు చూసింది. "ఆ పది నలభై బండి ఏటా ఉందండీ. ముప్పై ఎనిమిదేళ్ళూ రోజూ అదే టైముకి ఉంది. నేనెప్పుడైనా ఎక్కెయ్యగలిగేదాన్ని. మీరు రావాలని కూర్చున్నాను. ఇవాళ తొక్కుతుంటే తెలిసింది, అక్కర్లేదని. గట్టు మీద సైకిలాపి అందుకే ఏడ్చాను, పూలు చూసి కాదు."

తొకుజి భుజం మీది సంచి కింద పెట్టాడు. వంగి సంచి విప్పాడు. చక్రాలు బిగించాడు, సీటు బిగించాడు. జేబులోంచి నిమిషాల కాగితం బయటికొస్తే చూడకుండా చెత్తబుట్టలో వేశాడు.

"గట్టు ఎటు?"

"ఇప్పుడక్కడేం లేదండీ. అన్నీ రాలిపోయాయి."

"రాలినవే చూపించు."

కినుయో లేచి తన సైకిలు చూరు కిందనుంచి బయటికి తీసింది. తర్వాత రెయిన్‌కోటు టోపీ తలమీదికి లాక్కుని, వానలోకి ముందు తను తొక్కింది.