క్రేను బావ ఎడమకాలు

సరుకునూ ప్రయాణికులనూ కలిపి దీవులకు చేరవేసే ఆ ఓడలో క్రేను నడిపే ఆయన్ని అందరూ బావ అనే పిలిచేవారు. డెక్కు అంచున నిలబడి ఆయనకు చేతి సైగలిచ్చేది సొంత బావమరిది. వాడి నోట విని వంటవాళ్ల దగ్గర్నుంచి ప్రయాణికుల దాకా అదే వరస కలిపేశారు.

క్రేను పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. తుప్పు గీకే పనికి చేరి, పాత ఆపరేటరు భోజనానికి వెళ్లినప్పుడల్లా లివర్లు పట్టుకుని చూస్తూ నేర్చుకున్నాడు. సీట్లో కూర్చోగానే ఎడమకాలి బూటు విప్పేసేవాడు. అల మొదట ఓడను లేపుతుంది, ఆ వెనకే సరుకు దించుకోవడానికి అవతలి పక్కన ఆగిన పడవను లేపుతుంది. మొదటిది అరికాలికి తెలిస్తే, రెండోది ఎప్పుడో ఆయన లెక్క కట్టేసేవాడు.

కొత్తగా వచ్చిన కెప్టెనుకు అది నచ్చలేదు. "బూటు లేకుండా క్రేను ఎక్కడమేమిటండీ? తొడుక్కోండి."

బావ తొడుక్కున్నాడు.

ఆ రోజు చేరిన దీవికి రేవు లేదు. దీవివాళ్లే పడవలేసుకొచ్చి సరుకు దించుకోవాలి. వాళ్ల మంచినీళ్ల పంపు పాడై నెల దాటింది. కొత్త పంపు ఓడలో ఉంది. అది సముద్రం పాలైతే మళ్లీ ఓడ వచ్చేది నాలుగు నెలలకే.

ముందు బావ సిమెంటు బస్తాలు దించాడు. బూటు తొడిగిన కాలికి అల అందలేదు. బస్తాలు దబ్బున పడి పడవ ఒరిగిపోయింది.

"నిద్రపోతున్నావా బావా?" అరిచాడు బావమరిది.

బావ క్రేను దిగి నేరుగా కెప్టెను దగ్గరికి వెళ్లాడు. "సార్, పంపు దించాలంటే ఈ బూటు తియ్యాలి. కాదంటే మీరే దించండి."

కెప్టెను ఒరిగిన పడవకేసి చూశాడు. "తియ్యండి. కానీ కింద పడిందంటే..."

"పడదు."

పంపు గాల్లోకి లేచింది. బావ ఒక అలను వదిలేశాడు. రెండోదాన్నీ వదిలేశాడు.

"ఎంతసేపు వేలాడదీస్తావు? దానికేమైనా పెళ్లిచూపులా?"

"నోరు మూసుకుని చెయ్యి చూపించరా!"

మూడో అలకు డెక్కు అరికాలిని పైకి నెట్టింది. క్షణం ఆగి లివరు తోశాడు. పడవ పైకి లేచి ఆగిన చోటే పంపు దాన్ని తాకింది. వెంటనే తాడు సడలించాడు. కింద పరిచిన గోనెసంచి కూడా నలగనంత మెత్తగా కూర్చుంది.

పడవ ఒడ్డుకు చేరేదాకా బావ లేచి నిలబడి చూశాడు. పదిమంది నడుంలోతు నీళ్లలోకి పరుగెత్తుకొచ్చి పంపును భుజాలకెత్తుకున్నారు. దాని మీద ఒక్క గీత పడలేదు. అది ఎవరో చెప్పక్కర్లేదు, ఆయనకే తెలుసు.

"ఏరా, చూసింది చాల్లే," అని బావమరిదిని కసిరి, తర్వాతి సరుకు కట్టమన్నాడు.